గడప దాకా పెన్షన్, మంచం దగ్గర ఎవరు? ఉదయగిరి మెట్ట నుంచి ఒక కేస్ స్టడీ

అవ్వకు 76 ఏళ్లు. నెల్లూరు జిల్లా ఉదయగిరి మెట్టలో, బస్సు ఎప్పుడో ఒకసారి వచ్చే ఊరు. భర్త పోయి చాలాకాలమైంది. పెద్దకొడుకు బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తాడు, చిన్నకొడుకు హైదరాబాదులో డ్రైవరు. కూతుర్ని పామూరు వైపు ఇచ్చారు, ఆమెకే మోకాళ్లు సహకరించవు. వాన పడితే కంది వేసే కాస్త చేను, రెండు గదుల ఇల్లు, పక్కనే డెబ్బై దాటిన తోటికోడలు. ఊరి పేరూ మనుషుల పేర్లూ రాయడం లేదు. ఈ మెట్ట మండలాల్లో పనిచేసేవాళ్లకు ఇలాంటి ఇల్లు కొత్త కాదు కాబట్టి పేర్లతో పని కూడా లేదు.

ఒక తెల్లవారుజామున పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. పెద్దాసుపత్రిలో వైద్యం ఉచితంగానే జరిగింది, ప్రాణం దక్కింది. యూరిన్ పైపుతో ఇంటికి పంపారు. డిశ్చార్జి చీటీలో బీపీ మాత్రలు, ఫిజియోథెరపీ, రెండు గంటలకోసారి పక్క మార్చాలి అని రాశారు. రాసిన డాక్టరును తప్పుపట్టడానికి లేదు, సలహా సరైనదే. రెండు గంటలకోసారి అంటే రోజుకు 12 సార్లు. కొడుకులిద్దరూ పది రోజులుండి పనుల్లోకి వెళ్లిపోయారు. ఆ 12 సార్లూ డెబ్బై దాటిన తోటికోడలి మీద పడ్డాయి.

ఈ మండలాల్లో వృద్ధుల కోసం పనిచేసే మేం చూసేనాటికి నడుము కింద ఎముక దగ్గర అరచేతి మేర పుండు పడింది. నులక మంచం మధ్యలో గుంటపడి అవ్వ బరువంతా అక్కడే ఆనుతోంది. తడవకుండా కింద యూరియా సంచి పరిచారు, దాని చెమటకు చర్మం ఇంకా నానింది. తోటికోడలు చేయగలిగినంతా చేసింది. "ఇట్ట తిప్పుదామంటే నా నడుమే పట్టేస్తది నాయనా" అంది. డెబ్బై దాటినవాళ్లను డెబ్బై దాటినవాళ్లే చూసుకోవడం ఈ ప్రాంతంలో ఇప్పుడు మామూలు సంగతి, ఏ రిజిస్టర్లోనూ ఆ సంగతి కనపడదు, అంతే.

ఈ కేసును కాస్త వివరంగా ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ జనాభాలో 60 దాటినవాళ్లు 2021లో 12.4 శాతం, 2031 నాటికి 16.4 శాతం అని కేంద్రం నియమించిన సాంకేతిక బృందం అంచనా. వృద్ధుల కోసం కేంద్రం నడిపే అటల్ వయో అభ్యుదయ యోజన కింద ప్రతి రాష్ట్రమూ వృద్ధుల కోసం సొంత కార్యాచరణ ప్రణాళిక తయారుచేసుకోవాలి. అలాంటి కాగితాల్లో ఏ పథకం కింద ఎంతిస్తారో ఉంటుంది, ఎంతమందికో ఉంటుంది. ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఒళ్లు తుడిచేది ఎవరు, వాళ్లకు జీతం ఎక్కణ్నుంచి వస్తుంది, వాళ్లు సెలవు పెడితే బదులు ఎవరు, ఈ మూడింటికీ పట్టిక ఉండదు. నా ఉద్దేశంలో ప్రణాళిక మొదలుపెట్టాల్సింది ఆ పట్టికతోనే. రాష్ట్ర ప్రణాళిక కోసం మేం రాసిన సూచనలు ఈ కేసు నుంచి వచ్చినవే.

అవ్వకు ప్రభుత్వం నుంచి ఏమీ అందలేదనుకోకండి. చాలానే అందింది. 2024 జులై నుంచి వృద్ధాప్య పెన్షన్ 4,000 రూపాయలు. ఒకటో తేదీన గ్రామ సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుని చేతికిస్తాడు. దేశంలో చాలా రాష్ట్రాల్లో ఇంత మొత్తం లేదు. కేంద్రం వాటా చూస్తే 80 ఏళ్ల లోపువారికి 200, ఆ పైన 500 మాత్రమే, మిగతాదంతా రాష్ట్రమే పెట్టుకుంటోంది. రేషన్ బియ్యం వస్తాయి. బీపీ మాత్రలు ఊళ్లోని క్లినిక్‌లో దొరుకుతాయి, ఏఎన్ఎం వచ్చి బీపీ చూసి వెళ్తుంది.

వృద్ధుల ఆరోగ్యానికి 2010-11లో మొదలైన జాతీయ కార్యక్రమం ప్రకారం జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు, పీహెచ్‌సీలో వారానికోసారి వృద్ధుల క్లినిక్ ఉండాలి. లేవలేని మనిషికి క్లినిక్ వారానికోసారి ఉంటే ఏం, రోజూ ఉంటే ఏం? 2024 అక్టోబరులో 70 దాటినవాళ్లందరికీ ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల రక్షణ ప్రకటించారు. అది ఆసుపత్రిలో పడుకున్నప్పటి ఖర్చుకు. ఇంటికొచ్చి పడుకున్న మర్నాటి నుంచి లెక్క వేరు.

వీల్‌చైర్ సంగతీ చెప్పాలి. పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, వినికిడి యంత్రాలు, కళ్లజోళ్లు, కట్టుడు పళ్లు, వీల్‌చైర్లు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజనను దేశం మొత్తానికీ 2017 ఏప్రిల్ 1న ప్రారంభించింది మన నెల్లూరులోనే. మంచి పథకం. చేతికర్ర పట్టుకుని సొంతంగా నడిచేవాళ్లకు దానివల్ల నిజంగా మేలు జరిగింది. కానీ వీల్‌చైర్‌లోకి అవ్వను ఎత్తి కూర్చోబెట్టడానికి ఒకరుండాలి, దింపడానికీ ఒకరుండాలి. ఎత్తేవాళ్లు లేని ఇళ్లలో వీల్‌చైర్ మీద బట్టలు ఆరేసి ఉండటం చాలాచోట్ల చూశాను.

పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు రాష్ట్రం 15,000 పెన్షన్ ఇస్తోంది. దానికి వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్ కావాలి, డాక్టర్లు పరీక్షించాలి. దరఖాస్తు పెట్టించాం. ఇది రాసేనాటికి తేలలేదు. అది వస్తే ఈ కేసు ఆర్థికం మారిపోతుంది, కానీ వచ్చేదాకా పుండు ఆగదు కదా.

ఊరి పెద్దమనిషి ఒకాయన "కొడుకుల మీద కేసెయ్యండి, దెబ్బకు దిగొస్తారు" అన్నాడు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. లాయరు అక్కర్లేదు, నెలకు 10,000 దాకా పోషణ వేయొచ్చు. ఆస్తి రాయించుకుని గెంటేసిన కేసుల్లో ఈ చట్టంలోని 23వ సెక్షన్ గట్టిగా పనిచేస్తుంది, మేం కూడా కొందరికి అర్జీలు రాయించాం. ఇక్కడ మాత్రం వద్దనుకున్నాం. ఆ కొడుకులు దుర్మార్గులు కారు. సెంట్రింగ్ పనివాడు నాగా పెడితే ఆ రోజు కూలి పోతుంది, ఊళ్లో కూర్చుంటే మేస్త్రీ ఇంకొకణ్ని పెట్టుకుంటాడు. ట్రిబ్యునల్ డబ్బు ఇప్పించగలదు గానీ బెంగళూరు నుంచి మనిషిని రెండు గంటలకోసారి రప్పించలేదు. అవ్వ కూడా ఆ మాట వినగానే ఎడమ చెయ్యి అడ్డంగా ఊపేసింది.

వృద్ధాశ్రమం మాట ఎవరో ఎత్తారు. అదే చట్టం జిల్లాకు కనీసం 150 మంది పట్టే ఆశ్రమం గురించి చెబుతుంది. దిక్కులేనివాళ్లకు అది కావాలి. ఇల్లూ, తోటికోడలూ, ఊరూ ఉన్న మనిషిని అక్కడికి పంపడం అనవసరం.

మనిషి దొరికిన వైనం

నెల్లూరులో అటెండర్లను పంపే బ్యూరోలను అడిగాం. వాళ్లడిగే నెల జీతం అవ్వ పెన్షన్‌కు ఎన్నో రెట్లు, పైగా మెట్ట ఊరికి వచ్చి ఉండటానికి ఎవరూ ఒప్పుకోలేదు. శిక్షణ కేంద్రాల్లో హోమ్ హెల్త్ ఎయిడ్ కోర్సు చేసిన అమ్మాయిల్లో కొందరికి ఫోన్ చేశాం. దొరికినవాళ్లు చెన్నైలోనో బెంగళూరులోనో పనిలో ఉన్నారు. శిక్షణ ఇచ్చింది ఇక్కడ, పని దొరికింది అక్కడ.

మనిషి అదే ఊళ్లో దొరికింది. నలభై ఐదేళ్లామె, కాలనీలో ఉంటుంది. కొన్నేళ్లు కువైట్‌లో ఉండి వచ్చింది. వంటా ఇంటిపనీ అని వెళ్లింది గానీ, అక్కడ ఆమె పని నిజానికి ఆ ఇంటి ముసలామెను చూసుకోవడమే. దుప్పటి మడిచి ఒంటి కింద వేసి, దాన్ని పట్టుకుని మనిషిని పక్కకు జరపడం ఎలాగో అక్కడికొచ్చే నర్సు నేర్పింది. మొదటిరోజు అవ్వను ఒక్కతే తిప్పేసింది, ఆయాసం లేకుండా. తోటికోడలు నోరు తెరుచుకుని చూసింది.

ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచీ, పక్కన కడప జిల్లా నుంచీ ఇలా గల్ఫ్ వెళ్లొచ్చిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. మంచంలో ఉన్నవాళ్లకు స్నానం చేయించడం, గొంతుకు అడ్డం పడకుండా కూర్చోబెట్టి తినిపించడం, డైపరు మార్చడం వాళ్లకు తెలుసు. కానీ చేతిలో కాగితం లేదు. కాగితం లేదు కాబట్టి ప్రభుత్వ లెక్కలో వాళ్లు అనుభవం లేని గృహిణులు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, ముందే పని వచ్చినవాళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని ఈ మండలాల్లో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా పెట్టాలన్నది మేం రాసిన ఒక సూచన. ఆరు నెలల కోర్సు అక్కర్లేదు, కొద్దిపాటి శిక్షణా ఒక పరీక్షా చాలు.

జీతం మాట్లాడేటప్పుడు ఆమె బేరం సూటిగా ఉంది. "ఉపాధి పనికి పోతే వచ్చేదానికి తగ్గకూడదు." 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, నెలకు 7,500 అని కుదిరింది. కొడుకులు చెరో 3,000 పంపడానికి ఒప్పుకున్నారు, పెన్షన్ 4,000 కలిపితే 10,000. మిగిలిన 2,500లో డైపర్లు, గాజుగుడ్డ, పాలు. తిండికి రేషన్ బియ్యం, తోటికోడలి కూర. ఈ లెక్కలో అవ్వ పెన్షన్ పైసా మిగలకుండా సంరక్షణకే పోయింది. అంటే ప్రభుత్వం భృతి అనుకుని ఇస్తున్నది ఈ ఇంట్లో పనిమనిషి జీతంలో సగానికి పైగా అయ్యింది.

డబ్బు కుదిరాక కులం వచ్చింది. తోటికోడలు మొదటివారం "మంచం దాకా సరే, వంటింట్లోకి వద్దు" అంది. సంరక్షకురాలు ఊరుకోలేదు. "ఎత్తాల, కడగాల, పుండు తుడవాల. గంజి మాత్రం కాయకూడదా అత్తా?" అని నిలబడి అడిగింది. ఇలాంటి చోట మాలాంటివాళ్లు మధ్యలో దూరి ఉపన్యాసం ఇస్తే పని చెడుతుంది. పెద్దకొడుక్కి ఫోన్ చేసి, ఆమె ఈ షరతు మీద రాదని మాత్రం చెప్పాం. అతను పెద్దమ్మతో ఏం మాట్లాడాడో తెలియదు, మర్నాటి నుంచి గంజి ఆమే కాసింది. శిక్షణ పుస్తకాల్లో ఎత్తడం, తుడవడం, నాడి చూడటం ఉంటాయి. పల్లెలో ఈ పని నిలబడాలంటే ఇంటివాళ్లతో ముందే ఒప్పందం రాసుకోవాలి, అందులో వంటిల్లు, తాగే గ్లాసు, కూర్చునే చోటు కూడా ఉండాలి.

రాత్రి సమస్యకు సగం పరిష్కారం దొరికింది. గాలి నింపే ఎయిర్ బెడ్ అద్దెకు తెచ్చాం. అది వేశాక రాత్రిపూట నాలుగు గంటలకోసారి తిప్పినా పర్లేదని మాకు సలహా ఇచ్చే రిటైర్డ్ నర్సమ్మ చెప్పారు. తోటికోడలు పడుకునేముందు ఒకసారి, మధ్యలో ఒకసారి. కరెంటు పోతే మోటారు ఆగిపోతుంది, అప్పుడు మళ్లీ పాత లెక్కే. పుండు ఫోటో వాట్సాప్‌లో నర్సమ్మకు వెళ్లేది, ఎలా కడగాలో ఆమె చెప్పేవారు. పైపు మార్చడం, ఇంజెక్షన్, కుళ్లిన కండ తీయడం సంరక్షకురాలు చేయకూడదని మొదటిరోజే గీత గీశాం. ఆ పనులు ఏఎన్ఎం గానీ డాక్టరు గానీ చేయాలి. రాష్ట్రం ఈ పనికి ఒక పోస్టు పెడితే అందులో ముందు రాయాల్సింది ఈ గీత. లేకపోతే రెండేళ్లలో ఊరికో ఆర్ఎంపీ తయారవుతారు.

రెండు నెలలకు పుండు సగానికి సగం తగ్గింది. తర్వాత పైపు తీసేశారు. అవ్వ దిండ్ల ఆసరాతో కూర్చుని ఎడమ చేత్తో తినడం మొదలుపెట్టింది.

అప్పుడు సంరక్షకురాలి కూతురికి కాన్పు వచ్చింది. తల్లిగా వెళ్లక తప్పదు, మూడు వారాలు లేదు. ఆ మూడు వారాల్లో మానుతున్న పుండు పక్కనే ఇంకోటి లేచింది. ఈ కేసులో మాకు అన్నిటికంటే ఉపయోగపడిన పాఠం ఇదే. ఒక్క మనిషి మీద నిలబెట్టిన ఏర్పాటు ఆ మనిషి సెలవుతో కూలిపోతుంది. తర్వాత అదే కాలనీ నుంచి రెండో ఆమెను తీసుకున్నాం. మామూలు రోజుల్లో ఆమె వేరే ఇంట్లో చేస్తుంది, ఒకరు లేనప్పుడు ఇంకొకరు రెండిళ్లూ చూస్తారు. సెలవుకు బదులు మనిషిని లెక్కలో పెట్టకుండా ఊరికొక సంరక్షకురాలు అని రాస్తే, ఏడాదిలో సగం ఊళ్లలో సంరక్షకురాలు లేనట్టే.

రాష్ట్ర ప్రణాళికకు ఈ ఇల్లు ఏం చెబుతుంది

మొదటిది, ఎవరు ఏ స్థితిలో ఉన్నారో తెలియాలి. దీనికి కొత్త సర్వే వద్దు. ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయ ఉద్యోగి ప్రతి పెన్షన్‌దారును కళ్లారా చూస్తున్నాడు. ఇది చాలా గొప్ప అవకాశం. అప్పుడే మూడు ప్రశ్నలు అడగొచ్చు: గడప దాకా మీరే వచ్చారా? ఈ నెల కింద పడ్డారా? వంట ఎవరు చేస్తున్నారు? గడప దాకా రాలేకపోయినవాళ్ల పేర్లు ఆ సాయంత్రానికి ఏఎన్ఎం చేతిలో ఉండాలి. మూడుకు మించి అడగమంటే ఎవరూ అడగరు. ఆ రోజు వాళ్లకు పంపిణీ పూర్తిచేయాలన్న టెన్షనే సరిపోతుంది, ఇప్పటికే ఉన్న సర్వేలతో విసిగి ఉన్నారు. పెన్షన్ రానివాళ్లు, అంటే రిటైర్డ్ మాస్టార్లూ కాస్త పొలం ఉన్నవాళ్లూ, ఈ జాబితాలో ఉండరు. వాళ్ల మంచాలు ఆశా కార్యకర్తలకు తెలుసు.

ఆశా అనగానే అందరూ "ఆ పని కూడా వాళ్లకే ఇద్దాం" అంటారు. వెయ్యి జనాభాకు ఒకరు, గర్భిణులు, టీకాలు, టీబీ, బీపీ జాబితాలు, అన్నీ ఆమెవే. 2025లో ఆశాల పదవీ విరమణ వయసు 62కు పెంచారు, అది వాళ్లకు మంచిదే. చట్టం ప్రకారం 60 నిండితే సీనియర్ సిటిజన్. అంటే చివరి రెండేళ్లు ఆమె కూడా వృద్ధుల లెక్కలోకి వస్తుంది. ఆమెను మంచాన పడ్డవాళ్లను ఎత్తమనడం న్యాయం కాదు.

రెండోది, పనిచేసేవాళ్ల హోదా. 2024 మార్చి చివర్లో ఎన్నికల సంఘం వాలంటీర్లను పెన్షన్ పంపిణీ నుంచి తప్పించింది. ఏప్రిల్‌లో వృద్ధులు ఎండలో సచివాలయాల దగ్గర నిలబడ్డారు, మే నెలలో చాలామంది బ్యాంకుల చుట్టూ తిరిగారు. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్న చర్చ నాకు అక్కర్లేదు. నెలకు 5,000 గౌరవ వేతనంతో, ఏ సర్వీసు నిబంధనా లేకుండా నిలబెట్టిన వ్యవస్థ ఒక్క ఉత్తర్వుతో పక్కకు పోగలదని అప్పుడు తెలిసింది. డబ్బు ఒక నెల ఆలస్యమైతే అప్పు చేసుకోవచ్చు. పక్క మార్చే మనిషి ఒక వారం రాకపోతే ఏమవుతుందో పైన చెప్పాను. సంరక్షకులను మళ్లీ గౌరవ వేతనం పద్ధతిలో పెట్టొద్దని అందుకే అంటున్నాం.

మరి ఎవరి కింద పెట్టాలి? పెన్షన్ గ్రామీణాభివృద్ధి వాళ్లది, పోషణ చట్టం రెవెన్యూ చేతిలో, ఆశ్రమాలు విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల శాఖవి, క్లినిక్ ఆరోగ్యశాఖది, శిక్షణ నైపుణ్యాభివృద్ధి సంస్థది. అవ్వ మంచం ఈ ఐదింటిలో దేని కిందికీ రాదు. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బులతో ఉన్నవాళ్లకు బాధ తగ్గించే సేవ) విధానం తెచ్చి ఇంటికెళ్లే నర్సును పంచాయతీలకు అప్పగించింది. నెల్లూరు దాటితే వచ్చే తమిళనాడులో 2021 నుంచి బీపీ, షుగరు మాత్రలతో పాటు ఫిజియోథెరపీ, పాలియేటివ్ సేవ కూడా ఇంటికి పంపుతున్నారు. మనకు సచివాలయమూ ఉంది, పొదుపు సంఘాలూ ఉన్నాయి.

పొదుపు సంఘాల మాట ఊరికే అనలేదు. మా పక్క కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. అప్పుడు ముప్పై, నలభై ఏళ్లున్న ఆడవాళ్లు ఇప్పుడు అరవై, డెబ్బై దాటారు. నెలనెలా డబ్బు వసూలు చేసి లెక్క రాసి పంచడం ఈ సంఘాలకు ముప్పై ఏళ్ల అలవాటు. గ్రామ సంఘాన్ని యజమానిగా పెట్టి, సంరక్షకులను దాని రోల్‌లో, అంటే జీతాల పట్టీలో, ఉంచి, ఇంటివాళ్ల వాటా అదే వసూలు చేసి, ప్రభుత్వ వాటా దాని ఖాతాలో వేస్తే కొడుకులు డబ్బు పంపడం ఆలస్యమైన నెలలో కూడా జీతం ఆగదు. అవ్వ ఇంట్లో ఒక నెల అలాగే ఆగింది, సంరక్షకురాలు మంచితనం కొద్దీ మానలేదు. మంచితనాన్ని బడ్జెట్ పద్దుగా రాసుకోలేం. పైపులు మార్చే నర్సుకూ, ఫిజియోథెరపిస్టుకూ మండలానికొక పోస్టు ఆరోగ్యశాఖ పెట్టాలి, అది సంఘాల మీద వేయకూడదు.

శిక్షణ గురించి ఒక షరతు కూడా రాశాం. ఊళ్లో రోల్ ముందు, బ్యాచ్ తర్వాత. రోల్ లేకుండా బ్యాచ్‌లు నడిపితే మన డబ్బుతో చెన్నై బ్యూరోలకు మనుషుల్ని తయారుచేసి పంపినట్టే. వెళ్లే అమ్మాయిలను ఎవరూ తప్పుపట్టరు, అక్కడ జీతముంది.

అవ్వ కేసులో ఇప్పుడు నడుస్తున్న చర్చ వేరే. తోటికోడలికి కంట్లో శుక్లం ముదిరింది, ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. తర్వాత కొన్నాళ్లు వంగకూడదు, బరువు ఎత్తకూడదు. ఆ రాత్రులు ఎవరుండాలి? మేస్త్రీ సెలవిస్తే వస్తానని పెద్దకొడుకు అన్నాడు. రెండో సంరక్షకురాలు రాత్రికి 200 అడిగింది, చిన్నకొడుకు 150 అన్నాడు. 200 తక్కువే, ఇవ్వమని చెప్పాం. సరే అన్నాడు గానీ ముందు ఐదు రాత్రులకే పంపాడు.